ధర కోలుకునే దాకా ఇల్లు ఎవరి చేతిలో నిలిచింది? అమెరికా గృహరుణ చరిత్ర నుంచి రెండు ఘట్టాలు

మహామాంద్యం గురించి చరిత్ర పుస్తకాలు మార్కెట్ పడిపోయిన కాలాన్ని వివరంగా చెబుతాయి. కోలుకున్న కాలానికి వచ్చేసరికి "తరువాత పరిస్థితులు క్రమంగా మెరుగుపడ్డాయి" అని ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఈ పాఠం ఆ ఒక్క వాక్యం గురించే. ఇల్లు ఉన్నవారి బతుకులోనూ, కొనాలనుకునేవారి బతుకులోనూ పెద్ద నిర్ణయాలన్నీ ఆ కోలుకుంటున్న కాలంలోనే జరుగుతాయి. కొందామా, ఆగుదామా? అమ్మి బయటపడదామా, ఇంకో ఏడాది ఓపిక పడదామా? ఇలాంటి ప్రశ్నలు మీ ఇంట్లోనో మీ బంధువుల ఇంట్లోనో వచ్చే ఉంటాయి. వాటికి అందరూ ధర వైపు చూసి జవాబు వెతుకుతారు. అమెరికా అనుభవాన్ని దగ్గరగా పరిశీలిస్తే, ధర కంటే అప్పు కాగితంలోని గడువే ఎక్కువ మంది తలరాత రాసిందని తెలుస్తుంది.

1930కి ముందు ఇంటి అప్పు

ఇంటి అప్పు అనగానే ఇరవై ఏళ్లో ముప్పై ఏళ్లో నెల నెలా కట్టే వాయిదా మీ మనసులో మెదులుతుంది. 1920లలో అమెరికా బ్యాంకులు ఇచ్చిన అప్పు అలాంటిది కాదు. ఇంటి విలువలో సగం వరకు అప్పు ఇచ్చేవారు. గడువు మూడు నుంచి ఐదు ఏళ్లు. ఆ కాలంలో చాలామంది వడ్డీ మాత్రమే కట్టేవారు. గడువు తీరిన రోజున అసలు మొత్తం ఒకేసారి చెల్లించాలి. అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు కనుక, పాత అప్పును అదే బ్యాంకులో తిరగరాయించుకునేవారు. మన పల్లెల్లో ప్రామిసరీ నోటు తిరగరాయించుకున్నట్టే అనుకోండి. మిగిలిన సగంలో సొంత డబ్బు చాలకపోతే ఎక్కువ వడ్డీకి రెండో తనఖా పెట్టేవారు. బిల్డింగ్ అండ్ లోన్ సంఘాలనే పరపతి సంఘాలు మాత్రం పదేళ్లకు పైబడిన గడువుతో, వాయిదాల పద్ధతిలో అప్పులిచ్చేవి.

ధరలు పెరుగుతున్నంత కాలం తిరగరాయడం లాంఛనమే. ధరలు పడినప్పుడు ఏమవుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూడండి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది. ఒకాయన 1928లో 6,000 డాలర్ల ఇల్లు కొన్నాడు. 3,000 సొంతం, 3,000 అప్పు. వడ్డీ ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టాడు. 1931లో గడువు తీరింది. అప్పటికి ఇంటి ధర 4,000కు దిగింది. బ్యాంకు నియమం సగమే కనుక ఇప్పుడు 2,000 మాత్రమే ఇస్తానంటుంది. మిగిలిన 1,000 డాలర్లు ఆయన నగదుగా తేవాలి. తేలేకపోతే ఇల్లు వేలానికి వెళుతుంది. ఈ మనిషి ఏ తప్పూ చేయలేదు. ఉద్యోగం కూడా పోలేదు. ఇంటి విలువ ఇప్పటికీ అప్పు కంటే 1,000 డాలర్లు ఎక్కువే. అయినా వీధిన పడతాడు. నా తరగతుల్లో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు విద్యార్థులు ముందు నమ్మేవారు కాదు. "అప్పు కంటే ఆస్తి ఎక్కువుంది కదా సార్" అనేవారు. ఆస్తి ఉంది, గడువు లేదు.

ఆయన ఉద్యోగం పోలేదన్నది ఊహ మాత్రమే. 1933 నాటికి అమెరికా కార్మికుల్లో నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకులే మూతపడుతుంటే తిరగరాసేవారెవరు? 1933 తొలి నెలల్లో రోజుకు సుమారు వెయ్యి ఇళ్లు వేలానికి వెళ్లేవని అంచనా. వేలం వేసిన ప్రతి ఇల్లూ పక్కింటి ధరను ఇంకాస్త కిందికి లాగేది.

కొన్ని రాష్ట్రాలు ముందు గడువునే పట్టుకున్నాయి. మిన్నెసోటా రాష్ట్రం 1933లో చేసిన చట్టం తనఖా ఇళ్ల విడుదలకు కోర్టు ద్వారా అదనపు కాలం ఇచ్చింది. అది ఒప్పందాల పవిత్రతకు విరుద్ధమని అప్పిచ్చినవారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1934లో బ్లైస్‌డెల్ కేసులో కోర్టు అయిదుగురు నలుగురి మెజారిటీతో చట్టాన్ని సమర్థించింది. అప్పు రద్దు చేయలేదనీ, కాలం మాత్రమే పొడిగించిందనీ, ఆ మధ్యకాలానికి ఇంటి యజమాని సముచితమైన అద్దె చెల్లిస్తూనే ఉండాలనీ చట్టాన్ని సమర్థించినవారి వాదన.

హెచ్.ఓ.ఎల్.సి. ఏం చేసింది?

1933 జూన్ 13న రూజ్వెల్ట్ సంతకంతో గృహ యజమానుల రుణ చట్టం అమలులోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన సంస్థను ఆంగ్ల పేరులోని మొదటి అక్షరాలతో హెచ్.ఓ.ఎల్.సి. అంటారు. న్యూ డీల్ సంస్థల్లో పరీక్షల కోసం మీరు టి.వి.ఏ.ను, సి.సి.సి.ని గుర్తుపెట్టుకుంటారు, దీన్ని వదిలేస్తారు. నా దృష్టిలో సామాన్య కుటుంబాలను నేరుగా తాకిన వాటిలో ఇది ముందు వరుసలో ఉంటుంది.

ఈ సంస్థ ఇంటి యజమాని చేతికి డబ్బు ఇవ్వలేదు. అప్పిచ్చిన బ్యాంకు దగ్గరికి వెళ్లి ఆ పాత అప్పును తానే కొన్నది. బదులుగా బ్యాంకుకు నగదు కాదు, బాండ్లు ఇచ్చింది. మొదట్లో ఆ బాండ్ల వడ్డీకే ప్రభుత్వ హామీ ఉండేది. అసలుకు లేదు. బ్యాంకులు వెనకాడాయి. 1934 వసంతంలో అసలుకు కూడా హామీ ఇచ్చాక పని ఊపందుకుంది. పాత అప్పును కొన్న తరువాత ఇంటి యజమానికి కొత్త పత్రం రాసింది: పదిహేనేళ్లు, అయిదు శాతం వడ్డీ, ప్రతి నెలా అసలూ వడ్డీ కలిపిన సమాన వాయిదా. కట్టని మున్సిపల్ పన్నులు, అత్యవసర మరమ్మతుల ఖర్చు కూడా ఆ అప్పులోనే కలిపింది. అందువల్ల జీతాలివ్వలేక కుంటుతున్న పురపాలక సంఘాలకూ కొంత ఊపిరి వచ్చింది.

దీని సగటు అప్పు సుమారు 3,000 డాలర్లు. పదిహేనేళ్ల అయిదు శాతం అప్పుకు వెయ్యికి నెలకు 7.91 డాలర్లు, అంటే 3,000కు 23.72 డాలర్లు. మన ఊహా యజమాని పాత పద్ధతిలో ఆరు శాతం వడ్డీకి నెలకు 15 డాలర్లే కడుతున్నాడనుకోండి. కొత్త వాయిదా పాతదానికంటే ఎక్కువ! ఇది సహాయం ఎలా అయిందని మీరు అడగాలి. మొదటి నెల వాయిదాలో 12.50 వడ్డీకి పోతే 11.22 అసలులో తగ్గింది. అయిదేళ్లు తిరిగేసరికి అప్పు సుమారు 2,236 డాలర్లకు దిగింది. పాత పద్ధతిలో మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లు వడ్డీ కట్టినా 3,000 అలాగే ఉండేది. పైగా, ఇతర షరతులు తప్పనివారు 1936 జూన్ వరకు అసలు కట్టకుండా వడ్డీతో సరిపెట్టుకోవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. ఆ మూడేళ్లలో నెలకు 12.50తో గడిచిపోయేది. చేతిలో పని లేనివారికి ఆ మూడేళ్లే ప్రాణం.

ఇంటి విలువ కట్టడంలోనూ ఒక విశేషం ఉంది. ఆనాటి వేలం ధరను మాత్రమే చూడలేదు. మార్కెట్ ధర, తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు, గత ఏళ్లలో వచ్చిన అద్దె ఆధారంగా కట్టిన విలువ, ఈ మూడూ కలిపి చూశారు. పీడకల మధ్యలో పలికే ధరను ఇంటి అసలు విలువగా ఒప్పుకోలేదన్నమాట. అప్పిచ్చినవారికీ ఇది లాభించింది.

దాదాపు 19 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 1936 నాటికి పది లక్షలకు పైగా అప్పులు ఇచ్చింది, విలువ సుమారు 300 కోట్ల డాలర్లు. వచ్చినవారు సగటున రెండేళ్ల బకాయిలో ఉన్నవారు. అందుకే మరో సంఖ్యను కూడా దాచకుండా చెప్పాలి. ఈ పది లక్షల్లో సుమారు రెండు లక్షల ఇళ్లను చివరికి ఈ సంస్థే స్వాధీనం చేసుకుంది. అయిదింట ఒకటి. ఓపిక పట్టి, గడువులు పొడిగించి, ఇంటికి మనిషిని పంపి మాట్లాడించి, ఇక కాదనుకున్నాకే ఆ పని చేసింది. స్వాధీనమైన ఇళ్లను ఒక్కసారిగా మార్కెట్ మీద పడేయలేదు. బాగు చేయించి, అద్దెకిచ్చి, మెల్లమెల్లగా అమ్మింది. 1951లో లెక్కలు ముగించేనాటికి కొద్దిపాటి మిగులుతోనే బయటపడింది.

అమెరికాలో ఇళ్ల ధరలు 1920ల నాటి స్థాయిని తిరిగి అందుకోవడానికి రెండో ప్రపంచ యుద్ధ కాలం దాకా పట్టింది. పదేళ్లకు పైమాటే. మూడేళ్ల పత్రం పట్టుకున్నవాడు పదేళ్ల తరువాతి కోలుకోవడాన్ని చూడలేడు. పదిహేనేళ్ల పత్రం ఉన్నవాడు చూడగలడు.

ఈ పద్ధతినే 1934 జూన్ 27 నాటి జాతీయ గృహనిర్మాణ చట్టం శాశ్వతం చేసింది. దాని కింద ఏర్పడిన ఎఫ్.హెచ్.ఏ. స్వయంగా అప్పులివ్వలేదు, బ్యాంకులిచ్చే అప్పులకు బీమా ఇచ్చింది. ఇంటి విలువలో 80 శాతం వరకు, ఇరవై ఏళ్ల వరకు అప్పు దొరికింది. తరువాతి దశాబ్దాల్లో అదే ముప్పై ఏళ్ల స్థిర వడ్డీ అప్పుగా ఎదిగింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మీ బంధువు "ముప్పై ఏళ్ల దాకా మా వడ్డీ మారదు" అని చెబితే, ఆ మాట పుట్టుక 1930లలో ఉందని గుర్తించండి.

కోలుకోవడం అందరికీ ఒకేలా రాలేదు

1935 నుంచి 1940 వరకు హెచ్.ఓ.ఎల్.సి. రెండు వందలకు పైగా నగరాల పటాలు గీయించింది. వాడలను నాలుగు తరగతులుగా చేసి, అప్పుకు ప్రమాదకరమనుకున్నవాటికి ఎరుపు రంగు వేశారు. నల్లజాతివారు నివసించే వాడలు దాదాపు అన్నీ ఆ ఎరుపులోనే పడ్డాయి. "రెడ్‌లైనింగ్" అనే మాటకు ఈ పటాలు గుర్తుగా మిగిలాయి. కెనెత్ జాక్సన్ 1985లో ప్రచురించిన గ్రంథంతో ఈ విషయం విస్తృతంగా తెలిసింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పటాలు గీసే పని సాగేనాటికి హెచ్.ఓ.ఎల్.సి. అప్పులివ్వడం దాదాపు పూర్తయింది. నల్లజాతి కుటుంబాలకూ అది అప్పులిచ్చింది. కనుక నేరమంతా ఆ పటాలదే అనడం తొందరపాటని తరువాతి పరిశోధకులు చూపారు. నేను వారితో ఏకీభవిస్తాను. పెద్ద అన్యాయం ఎఫ్.హెచ్.ఏ. నియమాల్లో జరిగింది. ఏ వాడలో ఇంటికి బీమా ఇవ్వవచ్చో చెప్పే దాని మార్గదర్శి జాతుల కలయికను ప్రమాదంగా లెక్కించింది. ఫలితంగా కోలుకుంటున్న మార్కెట్లో సుదీర్ఘ గడువు, తక్కువ ముందస్తు సొమ్ము అనే సౌకర్యాలు ఎక్కువగా తెల్లవారి కొత్త శివారు కాలనీలకే దక్కాయి. అమ్మకంలో జాతి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968 దాకా రాలేదు. ఈలోగా ఒక తరం గడిచిపోయింది. ఆ తరం కూడబెట్టుకోలేని ఆస్తి తరువాతి తరానికి అందలేదు.

2006 నుంచి 2016

డెబ్భై ఏళ్ల తరువాత పాత అప్పు కొత్త వేషంలో తిరిగి వచ్చింది. 2000 తరువాతి ఏళ్లలో ఆదాయం సరిగా లేనివారికి కూడా రెండేళ్లు తక్కువ వడ్డీ, ఆ తరువాత ఎగబాకే వడ్డీ ఉన్న అప్పులు విరివిగా ఇచ్చారు. పత్రం మీద ముప్పై ఏళ్లని రాసి ఉంటుంది. నిజానికి రెండేళ్లు తిరగ్గానే కొత్త అప్పు తెచ్చుకోక తప్పదు. అంటే 1928 నాటి తిరగరాతే. ధరలు 2006లో శిఖరానికి చేరి దిగడం మొదలవగానే ఆ దారి మూసుకుపోయింది. 2012 ఆరంభం నాటికి దేశవ్యాప్త సూచీ శిఖరం నుంచి నాలుగో వంతుకు పైగా పడింది. లాస్ వేగాస్, ఫీనిక్స్ నగరాల్లో సగానికి పైగా పడింది.

ఈ ఘట్టంలో కొనుగోలుదారులు గమనించవలసింది 2009, 2010 సంవత్సరాలను. మొదటిసారి ఇల్లు కొనేవారికి ప్రభుత్వం 8,000 డాలర్ల వరకు పన్ను రాయితీ ప్రకటించింది. 2010 ఏప్రిల్ 30లోపు ఒప్పందం కుదరాలన్నది షరతు. జనం త్వరపడ్డారు, అమ్మకాలు పెరిగాయి, మార్కెట్ కోలుకుందన్న మాట వినిపించింది. గడువు ముగిశాక జూలైలో పాత ఇళ్ల అమ్మకాలు అంతకుముందు నెలతో పోలిస్తే 27 శాతం పడిపోయాయి. ధరలు మళ్లీ జారి 2012లో గానీ అడుగు తాకలేదు. రాయితీ కోసమే పరుగెత్తినవారిలో చాలామందికి వచ్చిన దానికంటే ఇంటి విలువలో పోయిందే ఎక్కువ. అయితే స్థిర వడ్డీతో కొని, నివసించడానికే కొని, పదేళ్లు అక్కడే ఉండగలిగినవారికి ఆ తగ్గుదల కాగితం మీది అంకె మాత్రమే. ఏడాది తిరగ్గానే ఉద్యోగ రీత్యా ఊరు మారవలసినవారికి అది చేతి నుంచి పోయిన సొమ్ము.

ఇల్లు ఉన్నవారి కష్టం వేరు. 2009లో ప్రకటించిన అప్పుల సవరణ పథకం ముప్పై నలభై లక్షల కుటుంబాలను లక్ష్యంగా పెట్టుకుని, దానికి చాలా తక్కువ దగ్గర ఆగింది. వాయిదాలు వసూలు చేసే కంపెనీల్లో ఒక విభాగం సవరణ దరఖాస్తు పరిశీలిస్తుంటే, మరో విభాగం అదే ఇంటిని వేలానికి పంపేది. చదవకుండానే వేల కొద్దీ ప్రమాణ పత్రాల మీద సంతకాలు పెట్టినట్టు 2010లో బయటపడింది. 2012 ఫిబ్రవరిలో 49 రాష్ట్రాలు, కేంద్ర ప్రభుత్వం అయిదు పెద్ద సంస్థలతో 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికే ఇల్లు పోయినవారికి అందులో నుంచి దక్కిన పరిహారం స్వల్పం. ఇక్కడ ప్రయోజనం పొందినవారు ఎక్కువగా తమ ప్రతి ఉత్తరం నకలు దాచుకున్నవారు, ఫోనులో విన్న మాటను రాతపూర్వకంగా అడిగినవారు.

2012 నుంచి ధరలు లేచాయి. సరిగ్గా ఆ అడుగున పెద్ద పెట్టుబడి సంస్థలు రంగంలోకి దిగాయి. బ్లాక్‌స్టోన్ ఏర్పాటు చేసిన ఇన్విటేషన్ హోమ్స్ కొద్ది ఏళ్లలోనే పదుల వేల ఇళ్లు కొని అద్దెకిచ్చింది. 2016 ద్వితీయార్ధంలో దేశవ్యాప్త ధరల సూచీ 2006 శిఖరాన్ని దాటింది. అదే సంవత్సరం సొంత ఇంట్లో ఉంటున్న కుటుంబాల వాటా 62.9 శాతానికి పడింది. 2004లో అది 69.2 శాతం. మార్కెట్ కోలుకుంది, ఇళ్లు అక్కడే ఉన్నాయి, యజమానులు మారారు.

మీ చేతిలోని పత్రం

మన దేశంలో అమెరికా తరహా ముప్పై ఏళ్ల స్థిర వడ్డీ సామాన్యంగా దొరకదు. మన గృహరుణాల్లో అధికభాగం మారే వడ్డీవే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త మారే వడ్డీ గృహరుణాలను రెపో రేటు వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టాలి. ఆ రెపో రేటు 2022 మే మొదట్లో 4 శాతం, 2023 ఫిబ్రవరికి 6.5 శాతం. పది నెలల్లో రెండున్నర శాతం.

దాన్ని లెక్కలో చూడండి. ఏడు శాతానికి ఇరవై ఏళ్లకు తీసుకున్న 30 లక్షల అప్పుకు నెల వాయిదా 23,259 రూపాయలు. వడ్డీ తొమ్మిదిన్నరకు చేరితే ఆ 30 లక్షల మీద నెల వడ్డీయే 23,750. పాత వాయిదా కడుతూ పోతే అసలు తగ్గదు సరికదా, పెరుగుతుంది. వాయిదా అలాగే ఉంచి గడువు పొడిగిస్తామన్న తీపి మాటకు అక్కడ చోటే లేదు. ఇరవై ఏళ్లలో తీరాలంటే నెలకు సుమారు 27,960 కట్టాలి. ఇలా వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, స్థిర వడ్డీకి మారాలా అన్న ఎంపిక రుణగ్రహీతకు ఇవ్వాలనీ, పొడిగింపు పేరుతో అసలు పెరిగిపోయే స్థితి రానివ్వకూడదనీ రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. బ్యాంకు నుంచి వచ్చే సందేశాన్ని చూసి పక్కన పడేయకండి. జవాబు ఇవ్వండి. మారే వడ్డీ గృహరుణాన్ని ముందుగా తీర్చే వ్యక్తుల నుంచి జరిమానా వసూలు చేయరాదు కనుక, చేతిలో మిగులు ఉన్న ఏడాది అసలులో కొంత తగ్గించుకోవడం గడువును మీ చేతిలోకి తెచ్చుకునే సులువైన దారి.

కొనబోయేవారికి మరో మాట. ధరలు లేస్తున్న కాలంలో హైదరాబాదు చుట్టుపక్కల "ప్రీ లాంచ్" ప్రకటనలు ఎక్కువవుతాయి. మన 2010 ఏప్రిల్ 30 అదే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కావలసిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్‌కు ముందు ప్రకటించడం, బుకింగులు తీసుకోవడం నిషిద్ధం. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి వసూలు చేయకూడదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. తక్కువ ధర ఆశ చూపి మొత్తం ముందే కట్టమంటే, మీరు ఇల్లు కొనడం లేదు, తనఖా లేకుండా బిల్డరుకు అప్పిస్తున్నారు. పాత ఇల్లు కొనేటప్పుడు ఈసీ తీయించడం అందరికీ తెలుసు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అసలు దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు కళ్లారా చూడమని పెద్దలు చెప్పేది అందుకే.

ఈ పాఠానికి అభ్యాసంగా మీ ఇంట్లోనో తెలిసినవారి ఇంట్లోనో ఉన్న ఒక గృహరుణ మంజూరు పత్రం తీసుకోండి. అప్పు మొత్తం, వడ్డీ రకం, మిగిలిన గడువు రాసుకోండి. వడ్డీ రెండు శాతం పెరిగితే నెల వాయిదా ఎంతవుతుందో కట్టండి. ఆ కుటుంబం సంపాదన ఆగిపోతే ఎన్ని నెలలు ఆ వాయిదా కట్టగలదో వారినే అడిగి పక్కన రాయండి. ఆ సంఖ్యను మన ఊహా యజమాని మూడేళ్లతోనూ, ధరలు కోలుకోవడానికి పట్టిన పదేళ్లతోనూ పోల్చి, రెండు పేజీల్లో మీ అభిప్రాయం రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.